ఎడం చెయ్యి బరువు

చెయ్యి ఇటివ్వరా దున్నపోతా అని నాలుక చివరిదాకా వచ్చింది, నోట్లోంచి మాత్రం "చెయ్యివ్వు బంగారం" అనే వచ్చింది, ముప్ఫయ్యేళ్ళ అలవాటు మరి. కట్టు కట్టేవాడు కట్టించుకునేవాణ్ణి తిట్టకూడదు, తిడితే పిడికిలి బిగుస్తుంది, బిగిసిన పిడికిలికి కట్టు నిలవదు. ఇచ్చాడు. చెయ్యా అది, రుబ్బురోలు పొత్రం. నూట పద్దెనిమిది కిలోల మనిషి, ఆరడుగుల అయిదంగుళాలు, జిమ్ములో అందరూ రోలర్ అంటారు, రోడ్డు రోలర్‌కైనా కాస్త సిగ్గుంటుంది, ఎదురుగా మనిషుంటే హారన్ కొడుతుంది. వీడికి అదీ లేదు. ఇంకో గంటలో బాక్సింగ్ రింగులోకి వెళ్ళాలి, బయట హాలు నిండిపోయింది, ఈలలు ఈ గది గోడల్లోంచి వినిపిస్తున్నాయి, వీడేమో చెవుల్లో ఆ తెల్లటి బొడిపెలు పెట్టుకుని పాటకి మెడ ఊపుతున్నాడు. గ్లౌజు లోపల కట్టే పట్టీ, ముందు ఎడం చేతికి. బొటనవేలికి ఉచ్చు, మణికట్టు చుట్టూ మూడు, అరచేతి మీదుగా ఏటవాలుగా, మళ్ళీ మణికట్టు. నా వేళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వాటి దారిన అవి పోతాయి, అందుకే నా బుర్రకి ఇంత తీరిక, అందుకే ఇంత చేటు.

గోడమీద టీవీ ఒకటి తగలేశారు, దాంట్లో మా బావ. మా బావంటే మా అక్క మొగుడు, ఒకప్పుడు హెవీవెయిట్ చాంపియన్, ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడానికి మా అక్కని పిలుస్తాడు. టీవీలోవాడు అసలు బావ కాదు, కంప్యూటర్ బావ, బొమ్మ. మీసం కూడా తప్పు, మా బావకి మీసం ఎడంవైపు పలచన, ఆ బొమ్మగాడికి రెండువైపులా పోలీసు మీసం. పాత చాంపియన్ని తీసుకొచ్చి ఇప్పటి మొనగాళ్ళ ముందు నిలబెడితే ఏమవుతుందీ అని వారం రోజుల్నించి ఇదే తతంగం. బరువెంత, చేతి పొడవెంత, నిమిషానికి ఎన్ని గుద్దులు, అన్నీ దాంట్లో పోశారు, మిక్సీలో పోసినట్టు. ఎనభై ఎనిమిది కిలోల మా బావ, ఈ కొండముచ్చుల ముందు. రెండో రౌండులో పడిపోతాడట. కోటేసుకున్న నలుగురు బల్ల చుట్టూ కూర్చుని పడిపోతాడు, కచ్చితంగా పడిపోతాడు అని తలలాడించారు, వాళ్ళల్లో ఒక్కడైనా జన్మలో ఒక్క గుద్దు తిన్న మొహమేనా, వేడి పాలు తాగినా మూతి కాలుతుందని ఊదుకునే మొహాలు. ఆ తర్వాత వీడు, ఈ రోలర్, నా చేతిలో చెయ్యి పెట్టుకు కూర్చున్న ఈ మహానుభావుడు, మైకు ముందు పళ్ళికిలించి అన్నాడు, "పెద్దాయన మంచాయనే అండీ, కానీ నా ముందు మూడు నిమిషాలు. అదీ నేను ఓ చేత్తో షూ లేసు కట్టుకుంటుంటే." అందరూ నవ్వారు. ఇంట్లో మా అక్క టీవీ ఆపేసింది. బావ "ఆపావేం, బొమ్మ బాగుందిగా" అన్నాడు, అంతే, నాకు ఆ మాట దగ్గరే మండింది, ఇంకా మండుతూనే ఉంది.

మూడు నిమిషాలట. ఒరే, మా బావ పదిహేను రౌండ్లు కొట్టుకున్న మనిషిరా, మీకు పన్నెండుకే నాలుక బయటికొస్తుంది. మీకు తిండి తూచేవాడొకడు, నిద్ర లెక్కపెట్టే గడియారం ఒకటి, మూత్రం చూసి మూడ్ చెప్పేవాడొకడు. మా బావ పొద్దున అయిదింటికి లేచి సరుకు లారీ దింపి, ఎనిమిదింటికి జిమ్ముకొచ్చి, మధ్యాహ్నం మళ్ళీ లారీ దింపేవాడు. గ్లౌజు లోపల దూది కూడా మావాళ్ళది పలచన, మీవి పరుపులు. అలాగని అబద్ధమాడను, నా బుర్రలోనే కదా, ఇక్కడ ఎవరికి భయపడాలి. ఈ దున్నపోతు వేగం నేను చూశాను. ఇంత ఒళ్ళేసుకుని పిల్లిలా కదుల్తాడు దొంగవెధవ. బావ లోపలికి దూరాలి, దూరాలంటే ఆ పొడుగు చేతి కింద నుంచి వంగి రావాలి, వచ్చేలోపు రెండు తగుల్తాయి, ముప్ఫై కిలోల తేడాతో రెండు తగిలితే... సరే, తగిలినా వస్తాడు. వచ్చాడంటే ఎడం చెయ్యి ఉంది. అందరూ అనేది అదే. ఆ ఎడం చెయ్యి ఉందిగా. మూడో రౌండులో, ముప్ఫయ్యొక్కేళ్ళ కిందట, ఒకే ఒక్క గుద్దు, ఎదుటివాడు నిలువునా కూలాడు, బెల్టు వచ్చింది, ఆ ముక్కే ఇప్పటికీ టీవీలో తిప్పి తిప్పి వేస్తారు. ఆ ఎడం చేతికి కట్టు కట్టింది నేను. మణికట్టు చుట్టూ మూడు, ఏటవాలుగా ఒకటి. వద్దు, ఇప్పుడది వద్దు.

రోలర్ ఎడం చేతికి చివరి టేపు వేసి చప్పట్లు కొట్టినట్టు తట్టాను. ఇది బాగానే కట్టాను, దీంతో నాకు పేచీ లేదు. నా పేచీ కుడి చేత్తో. మూడు రోజుల్నించి అనుకుంటున్నదే, నడిమి కణుపు మీద పట్టీలో చిన్న మడత, వడ్లగింజంత, పైకి కనపడదు. మొదటి రౌండు హాయిగా ఉంటుంది. రెండు, మూడు. కొట్టినప్పుడల్లా ఆ మడత ఎముకలోకి దిగుతుంది. నాలుగో రౌండుకి చెయ్యి బూరె, అయిదోదానికి వాడు కుడి చెయ్యి ఎత్తడానికి వాళ్ళమ్మని తలుచుకోవాలి. అప్పుడు అడుగుతాను, ఏం నాయనా, షూ లేసు కట్టుకుంటావా అని. నేను మామూలుగా చేసే అల్లర్లు వేరు, కోచ్ ఈలలో మిరప్పొడి, తూకం యంత్రం కింద నా బొటనవేలు, జిమ్ము నిండా తిట్టించుకుని జిమ్ము నిండా నవ్వించే రకం. ఇది ఆ రకం కాదని నాకు తెలుసు. తెలిసే చేస్తున్నాను.

తలుపు తీసుకుని ఒకాయన వచ్చాడు. రూలు ఉంది కదా, మనవాడి చేతికి కట్టు కడుతుంటే అవతలి వైపు మనిషి ఒకడు వచ్చి కూర్చుని చూడాలి, లోపల గట్టి వస్తువేదీ పెట్టకుండా. ఎడం చేతికి కూడా రావాల్సింది, ఆలస్యమైంది, క్షమించమన్నాడు, ఆ కట్టిన చెయ్యి తీసుకుని ఒక్కో కణుపూ బొటనవేలితో నొక్కి చూసి తలూపాడు. చూడ్డానికి మొహం పక్కకి తిప్పాడు, కోడిపుంజు తిప్పినట్టు, ఎందుకంటే ఆయనకి కుడి కన్ను లేదు. గాజు కన్నుంది, అది ఎటో చూస్తోంది. నా చేతిలోంచి పట్టీ చుట్ట జారి బల్ల కిందికి దొర్లిపోయింది. వంగి ఏరుకుంటూ అక్కడే ఉండిపోదామా అనిపించింది. ముప్ఫయ్యొక్కేళ్ళు. జుట్టంతా పోయింది, నడుం వంగింది. బావ ఎడం చేతికి కూలినవాడు. ఆ కన్ను ఆ రోజు పోయింది. తర్వాత కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతికాడని విన్నాను, మిషనాయన అంటారట ఆ వీధిలో, మళ్ళీ ఎప్పుడో జిమ్ములో చేరాడట కుర్రాళ్ళకి నేర్పడానికి. ఇంతమందిలో ఈయనే రావాలా చూడ్డానికి, ఆ ఉన్న ఒక్క కన్నేసుకుని.

"గుర్తుపట్టావా తమ్ముడూ?" అన్నాడు స్టూలు లాక్కుంటూ.

"మీరు మర్చిపోనిస్తేగా అన్నా" అన్నాను, నవ్వాను, ఏం నవ్వో నాకే తెలీదు.

కుడి చెయ్యి. ఉచ్చు, మణికట్టు, మూడు. మిషనాయన మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు చూస్తున్నాడు. చూడు, ఎంత చూస్తావో చూడు. నీ రూలులో ఉన్న తమాషా ఇదే కదా, నువ్వు వచ్చింది నేను ఎక్కువేమైనా పెడతానేమోనని, తక్కువ చేస్తానేమోనని కాదు. నా మనిషి చెయ్యి నేనే చెడగొడితే నీకు నష్టమా, నీ కుర్రాడికి లాభం. నడిమి కణుపు వచ్చింది. వేలితో పట్టీని వెనక్కి లాగి వదిలాను, మడత పడింది, వడ్లగింజంత, దానిమీంచి ఇంకో వరస. నా చెయ్యి ఆగలేదు, వణకలేదు, చక్కగా చేసింది, చెడ్డపనికి దానికి ఎప్పుడూ వణుకు రాదు. తలెత్తి చూశాను. ఆ ఒక్క కన్ను సరిగ్గా ఆ కణుపు మీదే ఉంది. కనురెప్ప ఒకసారి పడింది, లేచింది. చూశాడు. చూసి ఊరుకున్నాడు. ఓహో, నువ్వూ నాలాంటి సరుకేనన్నమాట, కన్ను పోయినా బుద్ధి పోలేదు, అనుకున్నాను, లోపల్లోపల కాస్త హాయిగా కూడా ఉంది, దొంగకి ఇంకో దొంగ తగిలినంత హాయి.

అంతలో పైన టీవీలో మళ్ళీ కంప్యూటర్ బావ పడ్డాడు, పోలీసు మీసంతో సహా. మిషనాయన మొహం అటు తిప్పి చూశాడు, చూసి తుపుక్కుమన్నట్టు శబ్దం చేశాడు. "వీళ్ళకేం తెలుసు" అన్నాడు. "నన్నూ అడిగారు. నేను చెప్పాను, మీరు బరువులు తూస్తున్నారు, నేను ఆ చెయ్యి తిన్నాను అని. మా కుర్రాళ్ళకీ రోజూ చెప్తాను. నన్ను కొట్టింది మామూలు చెయ్యి కాదురా, అలాంటి ఎడం చెయ్యి మళ్ళీ పుట్టలేదు, ఇప్పుడు తిరుగుతున్న వీళ్ళెవరికీ లేదు అని. కన్ను పోతే పోయింది, అంతటి చేతికి పోయింది." చెప్తుంటే వెన్ను నిటారైంది ఆయనకి. నీ నోరు పడిపోను, ఎవడు మెచ్చుకోమన్నాడు నిన్ను? తిట్టు. మా బావ పేరు చెప్పి నేలమీద ఉమ్ము. ముప్ఫయ్యొక్కేళ్ళ నుంచి ఆ గుద్దుని మెళ్ళో పతకంలా వేసుకు తిరుగుతున్నాడు ఈయన, అదీ నాకు తెలీదు ఇప్పటిదాకా.

రోలర్ చెవిలోంచి ఒక బొడిపె తీశాడు. "ఏంటి మామా, పాత కబుర్లా? మన ఫోను జోకు చెప్పావా ఈయనకి?" అన్నాడు. లేదురా, వద్దురా, చెప్పలేదురా, అన్నాను, టేపు పళ్ళతో కొరుకుతున్నాను కాబట్టి సరిగ్గా మాట రాలేదు. వాడికి ఆ కథంటే ప్రాణం, జిమ్ములో కొత్తగా ఎవరు చేరినా నాచేత చెప్పిస్తాడు, నేనూ చెప్తాను, గొంతు మార్చి చెప్తాను, అందరూ పొట్టలు పట్టుకుంటారు. ఇవాళ వాడే మొదలెట్టాడు. "పెద్దాయనా, వినండి. ఆ బెల్టు ఫైటు రోజు అవతలి వైపునుంచి ఒకాయన వచ్చాడంట కట్టు చూడ్డానికి, మీరు కూర్చున్నట్టే. మామ తలుపు దగ్గర్నించి గొంతు మార్చి, 'అయ్యా, మీకు ఇంటినుంచి ఫోనూ' అని అరిచాడంట! ఆయన పరిగెత్తాడు చెప్పులు కూడా వదిలేసి. ఆఫీసులో ఫోను పక్కన పెట్టుందంట, హలో హలో అని పావుగంట అరిచాడంట! ఎవడూ లేడు అవతల! మామ ఇక్కడ కట్టు కట్టేసి గ్లౌజు కూడా తొడిగేశాడు!" బల్ల అదిరేలా నవ్వాడు వాడు. వాడికేం తెలుసు. ఆ కథలో వాడికి కనపడేది చెప్పులొదిలేసి పరిగెత్తినాయన. మిషనాయనకి కనపడింది ఖాళీ స్టూలు.

మిషనాయన నేలకేసి చూశాడు. "ఆయన మా అన్నయ్య" అన్నాడు. "పోయేదాకా అదే మాట. పొరపాటున ఎవరో చేసిన ఫోనుకి పోయానురా, నేను అక్కడ కూర్చోవాల్సిందిరా అని." తర్వాత, కోపంగా కూడా కాదు, మిషనులో ఏ పన్ను అరిగిందో అడిగినట్టు అడిగాడు, "ఏం పెట్టావ్?"

రోలర్ బొడిపె చెవిలో తిరిగి పెట్టేసుకున్నాడు, వాడి జోకు అయిపోయింది. నేను ఏం పెట్టానంటే, అప్పట్లో నేను ఎముకల డాక్టరు దగ్గర పిండికట్లు వేసే పని చేసేవాణ్ణి, ఎనిమిదో తరగతి తప్పినవాడికి అంతకంటే ఎవడిస్తాడు, కట్టు కట్టడం అక్కడే వచ్చింది నాకు. బావ ఎడం చెయ్యి అప్పటికి రెండు నెలల కిందట చిట్లింది, ఎవరికీ చెప్పలేదు, మా అక్కకి తెలుసు. "ఆ చెయ్యి జాగ్రత్తరా" అంది నాతో, కడుపుతో ఉంది, గడపలో నిలబడి అంది. సరే, జాగ్రత్త చేద్దాం అనుకున్నాను, ఆసుపత్రి పట్టీ జానెడు ముక్క, పిండి అద్దినది, పొడిగా ఉంటే గుడ్డముక్కలాగే ఉంటుంది, చెమటకి తడిసి గట్టిపడుతుంది. ఎముకకి దన్నుగా ఉంటుందనే. ఒట్టు, దాని కోసమే. అంటే మొదట దాని కోసమే, ఆ తర్వాత దాన్ని కణుపుల మీదికి కూడా లాగాను, అది దేనికో అమ్మతోడు నాకు ఈ రోజుకీ తెలీదు, చూద్దాం ఏమవుతుందో అని, ఈలలో మిరప్పొడి పోసేటప్పుడు ఉంటుందే, అదే గిలి. గ్లౌజు తొడిగాక బావ చెయ్యి ఎత్తి దించి చూసుకున్నాడు. "ఏంట్రా, ఎడం చెయ్యి బరువుగా ఉంది?" అన్నాడు. "బెల్టు బరువు బావా, ముందే వచ్చేసింది" అన్నాను. నవ్వాడు. నా జోకులకి ఎప్పుడూ నవ్వుతాడు. అంతే, ఇంకెప్పుడూ అడగలేదు. ఫైటు అయ్యాక అందరూ ఆయన్ని ఎత్తుకుని తిప్పుతుంటే ఆ చెయ్యి పట్టుకుని నేనే కత్తిరించాను, పెంకులా ఊడింది, బకెట్లో పడేసి పైన తువ్వాలు వేశాను. రింగులో ఎవరో "కన్ను, కన్ను" అని అరుస్తున్నారు.

ఇదంతా నేను చెప్పలేదు. "పిండికట్టు ముక్క" అన్నాను. అంతే అన్నాను. మిషనాయన తలూపాడు. ఒక్కసారి, రెండుసార్లు. ఇందాకటి నిటారు వెన్ను ఏమైందో, చొక్కా ఖాళీ అయినట్టు కూర్చున్నాడు. కొట్టరాదూ నన్ను? ఆ స్టూలెత్తి వెయ్యరాదూ? వేస్తే నేనూ ఒకటి వేద్దును, మన మధ్య ఏదో ఒకటి అయిపోయేది. కొట్టడే. ఆయన చూపు మళ్ళీ రోలర్ కుడి చేతి మీదికి, నడిమి కణుపు మీదికి వచ్చి ఆగింది. అక్కడే ఉంది. ఒప్పందం ఏదో కుదిరినవాళ్ళలా ఇద్దరం ఆ వడ్లగింజనే చూస్తున్నాం. దాని కింద ఉన్నది పాతికేళ్ళవాడి ఎముక, ఆ పాతికేళ్ళవాడు కళ్ళు మూసుకుని పాటకి మెడ ఊపుతున్నాడు, చెయ్యి నాకొదిలేసి. ఆ రోజు బావ కూడా అలాగే వదిలేశాడు. ఛీ, అనుకున్నాను, ఎవర్ని అన్నానో తెలీదు, గదిలో ఉన్న అందర్నీ అనుకోండి. కత్తెర తీసి కట్టు అడ్డంగా కోసేశాను.

"ఏంటి మామా, మళ్ళీనా? టైమవుతోంది!" అన్నాడు రోలర్ కళ్ళు తెరిచి.

"మడత పడిందిరా బంగారం. ముసలి వేళ్ళు."

"నేను చూశాను" అన్నాడు మిషనాయన మెల్లిగా. "చెప్పలేదు."

"తెలుసు" అన్నాను.

మళ్ళీ కట్టాను. అంత బాగా నా జన్మలో కట్టలేదు, ఒక్క ముడత లేదు, ఆ దున్నపోతు మీద ఒళ్ళు మండుతూనే కట్టాను. మిషనాయన ఒక్కో కణుపూ నొక్కాడు, నడిమి కణుపు రెండుసార్లు నొక్కాడు, మార్కరు తీసి టేపు మీద సంతకం పెట్టి, నాకేసి చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను హాల్లోకి వెళ్ళాల్సొచ్చింది, ఫైటుకి ముందు పాత చాంపియన్ని రింగులోకి ఎక్కించి దండ వెయ్యాలట, మెట్లెక్కడానికి ఆయనకి నా భుజం కావాలి. మా అక్క బావ కోటు గుండీలు సర్దుతోంది, "పై గుండీ ఊడేలా ఉంది, చెయ్యి పైకెత్తకండి" అంటోంది. ఎక్కించాను. లైట్లు. అరుపులు. బావ చేతులు రెండూ సన్నగా వణుకుతున్నాయి, నవ్వుతున్నాడు. మైకు పట్టుకున్నవాడు, వాడి కోటు మెరుపులకి నా కళ్ళు పోను, అదే ప్రశ్న, ఇప్పటి మొనగాళ్ళ ముందు మన చాంపియన్ నిలబడతాడా లేదా, కంప్యూటర్ చెప్పేసింది, కానీ ఆ ఎడం చేతి దెబ్బ తిన్న మనిషి ఇక్కడే ఉన్నాడు, ఆయన్నే అడుగుదాం అని అవతలి మూలకి తిప్పాడు లైటుని. మిషనాయన లైటులో కన్ను చిట్లించాడు. చెప్పేస్తాడు. చెప్పెయ్, నీకు హక్కుంది, చెప్పెయ్. ఆయన మైకు తీసుకుని బావకేసి చాలాసేపు చూశాడు. బావ చెయ్యూపాడు ఆయనకి, పాత స్నేహితుడికి ఊపినట్టు.

"నేను తిన్నవాణ్ణే" అన్నాడు మిషనాయన. "ఆ చెయ్యి సంగతి నాకేం తెలుసు? కట్టు కట్టినాయన్ని అడగండి."

లైటు నా మీదికొచ్చింది, వెనకాలే మైకు. జనంలోంచి మామా, మామా అని ఈలలు, నేనంటే అందరికీ ముందే నవ్వు, మూతులు సగం తెరుచుకునే ఉన్నాయి. జోకు ఉంది నా దగ్గర, రెండున్నాయి, షూ లేసు మీద ఒకటి, పోలీసు మీసం మీద ఒకటి. నోరు తెరిచాను. గొంతు అదే, ఆ అల్లరి గొంతే, మాట మాత్రం వేరేది వచ్చింది. "చెప్పమంటారా? ఆ రోజు ఎడం చేతి కట్టులో పిండికట్టు ముక్క పెట్టానండీ. గెలిచింది మా బావ కాదు, ఎముకలాసుపత్రి!"

హాలు పేలిపోయింది. కుర్చీలు చరిచి నవ్వారు, మైకువాడు వంగిపోయి నవ్వాడు, దారి మొదట్లో గ్లౌజులేసుకుని నిలబడ్డ రోలర్ "మామా!" అని రెండు గ్లౌజులూ కొట్టి నవ్వాడు. మా అక్క కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. మిషనాయన ఒక్కడూ నవ్వలేదు. బావ నవ్వాడు, నా జోకులకి ఎప్పుడూ నవ్వినట్టే, తల వెనక్కి వేసి, నా భుజం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, కోటు గుండీ సంగతి మర్చిపోయి, ఎడం చెయ్యి నా భుజం మీంచి తీశాడు. కొంచెం పైకెత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు, బరువు చూసుకుంటున్నట్టు.